పెరట్లోకి వచ్చే పొరుగింటి పిల్లి

ఈ సంచికకు ఒక వ్యాసం ఇవ్వమన్నప్పుడు మేము పిల్లుల గురించి రాస్తామంటే కొందరు పెద్దలు నవ్వారు. స్కాలర్‌షిప్పుల గురించో, ఆడపిల్లల చదువు గురించో రాయకూడదా అన్నారు. వాటి గురించి రాసేవారు ఉన్నారు. కానీ తిరుపతి, చిత్తూరు, పలమనేరు ఊళ్లలో మనం కాపురముంటున్న సందుల్లో ఇరుగుపొరుగు మాటలు మానేసిన ఇళ్లను లెక్కబెట్టి చూడండి. ఆస్తి తగాదాలు కొన్నే. మిగతావన్నీ కాలువ నీళ్లు, గోడమీద వాలిన టెంకాయ మట్టలు, పెరట్లోకొచ్చిన కోళ్లు, పిల్లులు. దానధర్మాలు చేసే చేతులు పక్కింటి గోడ దగ్గర ఎందుకు బిగుసుకుపోతాయన్నదే ఈ పాఠం.

ముందు పిల్లి ఎందుకొస్తుందో తెలుసుకోవాలి. మనమీద పగతో రాదు. ఇంటి పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మెట్ట నేలల్లో తిరిగే అడవిపిల్లి. మలాన్ని పొడి మట్టిలో పూడ్చిపెట్టడం దాని జాతి గుణం. ఇప్పుడు మన వీధులు చూడండి. సిమెంటు రోడ్డు, సిమెంటు వాకిలి, బండలు పరిచిన వసారా. వీధి మొత్తంలో మెత్తగా తవ్వి, రాళ్లేరి, ఎరువు కలిపిన మన్ను ఎక్కడుంది? మనం కొత్తిమీర విత్తనాలు చల్లుకున్న మడిలో ఉంది. ఆ మడి మనకు తోట, దానికి మరుగుదొడ్డి.

రెండో కారణం మనం ఒప్పుకోవడానికి ఇష్టపడనిది. శుక్రవారమో ఆదివారమో మాంసం కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తున్నాం? చేప పొలుసులు ఎక్కడ వేస్తున్నాం? బక్రీద్ మూడు రోజులూ పేగులు, కొవ్వు ముక్కలు సరిగా పూడ్చకుండా గోడవారన వదిలితే నాలుగు వీధుల పిల్లులకు అది దావత్. పండగ నాడు మనమే పిలిచి, పండగయ్యాక వచ్చిందని కర్ర తీసుకోవడం న్యాయం కాదు.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. పెరట్లో కలుపుగా మొలిచే కుప్పింటాకు మొక్క ఉంది కదా, దాని వేరు వాసనకు పిల్లులు వెర్రెత్తినట్టు పొర్లాడతాయి. కలుపు తీసి, వేళ్లతో సహా అక్కడే పారేస్తే మర్నాడు పిల్లి అక్కడే ఉంటుంది. మందు మొక్క అని ఉంచుకునేవారు తొట్టిలో పెట్టుకుంటే మేలు.

ఇక మా సంగతి. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ లేదు, అయినా చెప్పకుండా పాఠం చెప్పే హక్కు మాకు లేదు. కొన్నేళ్ల కిందట రమజాన్ గంజిలోకని నెల ముందే కొత్తిమీర, మెంతికూర, పుదీన మడులు వేశాం. పక్కింటి పెద్దమ్మగారి పిల్లి మూడుసార్లు మొలకలను తవ్విపోసింది. మూడోసారి మాకు కోపం ఆగలేదు. దాన్ని గోనెసంచిలో పట్టి, మూతి కట్టి, స్కూటరుమీద స్వర్ణముఖి వంతెన దాటించి వదిలొచ్చాం. చంపలేదు కదా, కొట్టలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాం.

మర్నాడు సాయంత్రం ఆమె గోడ దగ్గరికొచ్చి, "అయివోరా, మా పిల్లిని చూస్తిరా? నిన్నటి నుంచి కనపళ్లేదు" అనింది. చూడలేదన్నాం. ఆ రాత్రి ఆమె మిద్దె మెట్ల కింద, పాత సిమెంటు సంచుల వెనక నుంచి సన్నగా ఏడుపులు. కళ్లు అప్పుడప్పుడే తెరుస్తున్న కూనలు మూడు. తల్లి పాలున్న పిల్లి అని మాకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా. మూడు సాయంత్రాలు వంతెన అవతల తిరిగాం, అది దొరకలేదు. ఆవుపాలు పడితే కూనలకు విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లికూనలకు ఆవుపాలు సరిపడవని పశువుల డాక్టరు చెప్పేనాటికి రెండు పోయాయి. ఒకటి బతికింది.

వారం దాటాక నిజం చెప్పాం. ఆమె అరవలేదు. "నాతో ఒక మాట చెప్పింటే నేనే చూసుకుంటి గదా" అనింది. అంతే. ఆ రమజాన్‌లో మా గంజి గిన్నె గోడ దాటలేదు. ఉగాదికి ఆమె ఇంటి నుంచి రావలసిన బొబ్బట్లు రాలేదు. పదిహేనేళ్లుగా అటూ ఇటూ నడిచిన గిన్నెలు ఆగిపోయాయి.

పిల్లి విషయంలో మన ధర్మం ఏం చెబుతుందో మనకు తెలియక కాదు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, పోయి పురుగూ పుట్రా తిని బతకమని వదలనూ వదలక చంపిన స్త్రీకి శిక్ష పడిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. చిన్నప్పుడు మదరసాలో అందరం విన్నదే. విన్నప్పుడల్లా ఆ స్త్రీ ఎవరో, ఎక్కడో అనుకున్నాం. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీళ్ల దగ్గరికి పిల్లి వస్తే అది తాగేందుకు పాత్ర వంచి పట్టుకున్నారు. చూసి ఆశ్చర్యపోయిన కోడలికి, పిల్లి అపవిత్రం కాదనీ, మన మధ్య తిరుగాడే వాటిలో ఒకటనీ దైవప్రవక్త (సఅసం) చెప్పిన విషయం తెలిపారు. ఇది అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. పిల్లి గోడలెక్కి తిరిగేదే, ఒక ఇంటికి కట్టుబడేది కాదు అన్న సంగతి ఆ మాటలోనే ఉంది చూడండి.

పొరుగువారి సంగతి అంతకంటే పెద్దది. అన్నిసా సూరా 36వ ఆయత్ తల్లిదండ్రులు, బంధువులు, అనాథలతో పాటు దగ్గరి పొరుగువారినీ దూరపు పొరుగువారినీ చెప్పింది. పొరుగువారి గురించి జిబ్రీల్ (అలై) చేసిన తాకీదులు వింటుంటే వారికి ఆస్తిలో వాటా కూడా వస్తుందేమో అనిపించిందని దైవప్రవక్త (సఅసం) అన్నట్టు బుఖారీ, ముస్లింలలో ఉంది. పొరుగువారంటే మనవాళ్లేనా అని మా తరగతి పిల్లవాడు ఒకడు అడిగాడు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగింటికి పంపారా అని ఆయన పదే పదే అడిగిన ఉల్లేఖనం వాడికి చెప్పాం. మరీ లోతైన మసాయిల్ ఉలమాలను అడగండి, మేము బడి పంతుళ్లం.

అయితే పిల్లిని పెంచేవారికి బాధ్యత లేదని కాదు. ఎవరికీ హాని చేయరాదు, హానికి బదులుగా హానీ చేయరాదన్న సూత్రం గోడకు రెండువైపులా వర్తిస్తుంది. పిల్లిని పెంచే ఇంట్లో ఓ మూల పాత టబ్బులో ఇసుక పోసి ఉంచాలి, రోజూ శుభ్రం చేయాలి. మన ఇళ్లలో పిల్లులకు పాలు పోసేవారు ఎక్కువ, ఇసుక పెట్టేవారు తక్కువ.

మడిని కాపాడుకునే దారులు మేము చేసి చూసినవి చెబుతాం. విత్తనం చల్లిన రోజే మడి మీద కోళ్ల జాలీ పరిచి అంచుల్లో రాళ్లు పెట్టండి. మొలకలు కన్నాల్లోంచి వస్తాయి, పిల్లికి తవ్వడానికి చోటుండదు. జాలీ లేకపోతే ఎండు కందికంప అడ్డదిడ్డంగా పరిచినా చాలు. మొక్క జానెడు ఎదిగి నేల కప్పేశాక తీసేయవచ్చు. తుమ్మముళ్లు మాత్రం వద్దు, పిల్లి కాలికే కాదు, పెరట్లో ఆడుకునే పిల్లల కాలికీ గుచ్చుకుంటాయి. ఖాళీ నేల మీద చెనిక్కాయ పొట్టు మందంగా వేస్తే తేమ నిలుస్తుంది, తవ్వడానికీ సులువుగా ఉండదు. మన జిల్లాల్లో దానికి కరువు లేదు. పిల్లి పొడి మన్ను వెతుక్కుంటుంది కాబట్టి సాయంత్రం పూట మడి తడిపి ఉంచడం కూడా పనికొస్తుంది. నారింజ తొక్కలు వేయమంటారు, రెండు రోజులు పనిచేశాయి, ఎండిపోయాక పిల్లి వాటి పక్కనే పడుకుంది. అన్నిటికంటే బాగా పనిచేసింది జామచెట్టు వెనక మేమే ఒక మూల రెండు తట్టల ఇసుక పోసి వదలడం. దానికి కావలసింది ఇస్తే మన మడి జోలికి రావడం చాలా తగ్గింది.

చేయకూడనివి గట్టిగా చెప్పాలి. ఫినాయిలు చల్లడం మన ఊళ్లలో మామూలు. పిల్లి దాని మీద నడిచి పాదాలు నాకుతుంది, ఆ ఫినాల్‌ను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, చిన్న మోతాదే విషమవుతుంది. కలరా ఉండలు కూడా విషమే, అవి పిప్పరమెంట్లనుకొని పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఇంకొకటి. కారంపొడి కళ్లలో పడితే దాని బాధ చూడలేం. ఎలకల మందు అన్నంలో కలిపి గోడ మీద పెట్టేవారున్నారు. అది పాపమే కాదు, నేరం కూడా. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును విషంపెట్టి చంపడం వంటి పనికి ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు.

ఆరోగ్యం మాట. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. గర్భిణులకు సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. కానీ అది బయటపడిన వెంటనే అంటదు, అంటేందుకు ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి ఏ రోజుది ఆ రోజు పారతో తీసి పూడ్చేస్తే చాలావరకు భయం లేదు. గర్భిణులు ఆ పని చేయకూడదు. మడిలో పనికి గ్లౌజులు వేసుకుని, ఆకుకూరలు బాగా కడగాలి. సరిగా ఉడకని మాంసం నుంచి కూడా ఇదే సోకుతుంది, ఆ మాట మరిచిపోయి అంతా పిల్లి మీద వేస్తాం. పిల్లి కరిచినా గీరినా పసుపు, సున్నం పెట్టొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. రేబిస్ కుక్కలతోనే వస్తుందనుకోవడం పొరపాటు.

ఇక అసలు పరిష్కారం. ఆడపిల్లి ఐదారు నెలలకే ఈనే వయసుకొస్తుంది, రెండు నెలల్లో ఈనుతుంది, ఏడాదికి రెండుమూడు ఈతలు. ఒక ఇంటి పిల్లి రెండేళ్లలో వీధి పిల్లులవుతాయి. ఆపరేషన్ చేయిస్తే సంతతి ఆగుతుంది, మగవాటిలో గోడల మీద మూత్రం చిమ్మే గుణం, రాత్రి పోట్లాటలు బాగా తగ్గుతాయి. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. పశువైద్యం అంటే ఆవులకు, గొర్రెలకు అనుకునే మనకు అది గుర్తుకు రాదు.

దాతలకు ఒక చరిత్ర చెప్పాలి. ఈజిప్టును 1260 నుంచి 1277 వరకు పాలించిన సుల్తాన్ బైబర్స్ కైరో ఉత్తరాన తన మసీదు దగ్గర ఒక తోటను పిల్లుల పోషణకు వక్ఫ్ చేశాడు. పిల్లి తోట అనే దాని పేరు. 1830ల్లో అక్కడున్న ఆంగ్ల రచయిత ఎడ్వర్డ్ లేన్ దాని సంగతి 1836లో వచ్చిన తన గ్రంథంలో రాశాడు. అప్పటికి ఆ తోట చేతులు మారీ మారీ, అమ్ముడై, పిల్లులకు వచ్చేది నామమాత్రపు అద్దె అయిపోయింది. వక్ఫులకు సంరక్షకుడు ఖాజీ కాబట్టి ఖర్చు ఆయన మీద పడింది. రోజూ అసర్ వేళకు న్యాయస్థానం ముంగిట మాంసపు తునకలు తెచ్చి వేసేవారు. పిల్లిని వదిలించుకోవాలనుకున్నవారు ఆ ముంగిట్లోనే తెచ్చి వదిలేవారు. మేము వంతెన అవతల వదిలిన పిల్లికి అలాంటి ముంగిలి లేదు.

'పిల్లికి బిచ్చం పెట్టనివాడు' అని పిసినారిని అంటాం. మన సొసైటీ దాతలు అలాంటివారు కాదు. బక్రీద్ చర్మాల సొమ్ము, జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో వారికే చెందాలి, అందులోంచి పైసా అడగడం లేదు. ఐచ్ఛిక సదఖా నుంచి కొంత తీసి, వీధికి రెండుమూడు పిల్లులకైనా ఆపరేషన్ ఖర్చు పెడితే ఎలా ఉంటుందో కమిటీ వారు ఆలోచించాలని కోరుతున్నాం. ఏ మతం వారి ఇంటి పిల్లి అని అడగకుండా చేస్తేనే దానికి విలువ.

బతికిన ఆ ఒక్క కూన పెద్దమ్మగారి ఇంట్లోనే పెరిగింది. ఏడాది తిరక్కముందే ఆమెను, పిల్లిని ఆటోలో తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. ఖర్చంతా మేమే పెడతామంటే ఆమె ఒప్పుకోలేదు, సగం సగం. ఆటోలో వచ్చేటప్పుడు మొదటిసారి మామూలుగా మాట్లాడింది, అదీ మా చిన్నమ్మాయి చదువు గురించి. మరుసటి రమజాన్ నాలుగో రోజు, మేము పంపకముందే ఆమె గోడ మీద ఖాళీ గిన్నె పెట్టి, "గంజి కాయలేదా ఈ పొద్దు?" అని కేకేసింది. పిల్లి ఇప్పటికీ వస్తుంది. ఎక్కువగా ఇసుకలోకే వెళ్తుంది, ఎప్పుడన్నా మెంతికూర మడిలో ఒక మూల గీకుతుంది. ఆ మూల మేము ఏమీ చల్లడం మానేశాం.