వాము ఘాటుకు క్రిములు చస్తాయా?

ప్రశ్న: మా ఇంట్లో కడుపునొప్పి వచ్చినా, విరేచనాలైనా అత్తయ్యగారు వాము నీళ్లే కాచి ఇస్తారు. వాము నిజంగా క్రిములను చంపుతుందాండీ?
– ఓ పాఠకురాలు, పెనుగొండ

జవాబు: అత్తయ్యగారి నమ్మకానికి ఆధారం ఉందమ్మా. వాము గింజల్లో సుమారు 2 నుంచి 4 శాతం సుగంధ తైలం ఉంటుంది. అందులో ముఖ్యమైనది థైమాల్. గామా టెర్పినీన్, పారా సైమీన్ కూడా ఉంటాయి. నాలుగు గింజలు అరచేతిలో నలిపితే ముక్కుకు తగిలే ఘాటు థైమాల్‌దే. అది బ్యాక్టీరియా, బూజు కణాల పైపొరలో దూరి దాన్ని దెబ్బతీస్తుంది. లోపలి లవణాలు బయటికి కారిపోయి కణం చస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ మన వామును కొనుక్కుపోయి థైమాల్ తీసేది. ఇప్పటికీ కొన్ని మౌత్‌వాష్‌లలో అది ఉంటుంది. (బజ్జీలు వేసుకునే వామాకు మాత్రం వేరే మొక్క.)

అయితే ప్రయోగశాలలో క్రిములను చంపేది చిక్కటి తైలం. థైమాల్ నీళ్లలో అంతగా కరగదు, మూత పెట్టకుండా మరిగిస్తే ఆవిరితో పోతుంది కూడా. కాబట్టి వాము నీళ్లు కడుపుబ్బరానికి ఉపశమనమే గానీ ఇన్ఫెక్షన్‌కు మందు కాదు. విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్ పట్టండి. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. వాము తైలాన్ని పిల్లలకు, గర్భిణులకు నేరుగా తాగించకండి.