క్రిస్మసు చీట్ల ఆట: ఇంటిల్లిపాది ఆడుకొను విధము

పాఠ్యభాగములు: మత్తయి 1, 2 అధ్యాయములు, లూకా 1, 2 అధ్యాయములు.



డిసెంబరు నెల చివరనుండి సంక్రాంతి దాటువరకు మన కోనసీమలో ఇండ్లు నిండుగా నుండును. హైదరాబాదునుండి కొడుకులును, కువైటునుండి మస్కటునుండి తల్లులును వత్తురు. మొదటి రెండు దినములు మాటలతోను పిండివంటలతోను గడచిపోవును. మూడవ దినమున ఎవరో ఒకరు పేక తీయుదురు. ఆ మూడవ దినమును గూర్చియే ఈ నెల పాఠము.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరములక్రిందట క్రిస్మసు రాత్రి మేము సంఘస్థుల యిండ్లు దర్శించుచు ఒక సహోదరుని యింటికి వెళ్లితిమి. అతడు చాపమీద పిల్లలను కూర్చుండబెట్టుకొని, చింతపిక్కలు పెట్టి పేక ఆడుచుండెను. మేము ఆ ముక్కలు తీసికొని, నాలుగు మాటలు గట్టిగా చెప్పి, పొయ్యిలో వేసితిమి. తరువాతి ఆదివారము దానిమీదనే ప్రసంగించితిమి. ఆ సంక్రాంతికి అతడు కోడిపందెముల బరి ప్రక్క పాకలో మూడు దినములు లోపల బయట ఆడి, భార్య కువైటులో ఇంటిపని చేసి పంపిన సొమ్మంతయు పోగొట్టుకొనెను. మేము మందలింపబోగా అతడు తలయెత్తకయే, “ఇంట్లో ఆడితే అయ్యగారు పొయ్యిలో వేశారు. అక్కడ వేసేవాళ్లెవరూ లేరండి” అనెను. అతని పతనమునకు మేమే కారణమని చెప్పలేము. అతడు అంతకుముందు కూడ అక్కడికి వెళ్లినవాడే. అయినను ఆ మాట మమ్మును చాలకాలము నిద్రపోనియ్యలేదు. ఇంటిలోనుండి ఒకదానిని తీసివేసితిమి గాని, దాని స్థానములో ఏమియు ఉంచలేదు.

పేకముక్కలనుగూర్చి వాక్యములో ఎక్కడ నున్నదని యౌవనస్థులు అడుగుదురు. ఎక్కడను లేదు. ఐరోపాఖండమునకే అవి పదునాల్గవ శతాబ్దములో గాని రాలేదు. సిలువయొద్ద సైనికులు చీట్లు వేసికొనిరి. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో శిష్యులును చీట్లు వేసి మత్తీయను ఏర్పరచుకొనిరి. చీటి ఒకటే, చేతులు వేరు. సైనికులు ఇతరుని వస్త్రముకొరకు వేసిరి.

మన యిండ్లలోని ముక్కల పేర్లను చూడుడి. కళావరు, ఆఠీను అనునవి డచ్చి భాషనుండి వచ్చిన మాటలు. ఆ వర్తకులు వశిష్ఠకు అవతల పాలకొల్లులోను, కాకినాడ ప్రక్క జగన్నాథపురములోను కొట్లు పెట్టుకొని యుండిరి. అంతకుముందే మన దేశములో గంజీఫా యను గుండ్రని చీట్లు ఉండెను. నిర్మల్ చిత్రకారులు వాటిని చేసిరి. దశావతార గంజీఫాలో పది జాతులు, జాతికి పండ్రెండు చొప్పున 120 చీట్లు. హైందవ సహోదరులు తమ పురాణమును ఆటలోనే పిల్లల చేతికిచ్చిరి. అమెరికాలో రాజు, రాణి బొమ్మలున్న ముక్కలను ముట్టని భక్తిగల కుటుంబములకొరకు 1906లో రూక్ అను ఆట అచ్చువేసిరి. దానిలో నాలుగు రంగులు, 1 మొదలు 14 వరకు అంకెలు, అంతే. కాబట్టి మేము చెప్పబోవునది వింత ఉపదేశము కాదు.

రమ్మీ నేర్పుగల ఆటయని సుప్రీంకోర్టువారే చెప్పిరి కదా యని కొందరు పెద్దలు మాతో వాదింతురు. నిజమే. సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యెములో 1967లో ఆ తీర్పు వచ్చెను. ఆ తీర్పు ఆటనుగూర్చినది, మన బియ్యపు డబ్బానుగూర్చినది కాదు. సెల్‌ఫోనులో డబ్బు పెట్టి ఆడు రమ్మీని మన రాష్ట్రమువారు 2020లో నిషేధించిరి. 2025లో కేంద్ర ప్రభుత్వమువారును ఫోనులో సొమ్ము పెట్టి ఆడు ఆటలన్నిటిని నిషేధించుచు చట్టము చేసిరి. చట్టము ఫోనును మూయించవచ్చును. సాయంకాలమును నింపవలసినవారము మనమే.

ఇప్పుడు ఆట సంగతి. కావలసినవి 32 చీట్లు. ఇంటిలో మిగిలిన పెండ్లి శుభలేఖలు ఇందుకు మిక్కిలి అనుకూలము. అట్ట గట్టిగా నుండును, ఒక్కొక్కటి రెండు చీట్లగును. అయితే పదునారును ఒకే పెండ్లివై యుండవలెను. మా యింట మొదటిసారి నాలుగు పెండ్లివి కలిపి కోసితిమి. వెనుకనున్న అచ్చునుబట్టి ఏ చీటి ఎవరిచేత నున్నదో మా చిన్నవాడు అరగంటలో కనిపెట్టెను. చీటి వ్రాసినప్పుడు పైన కుటుంబము పేరు, నడుమ పెద్ద అక్షరములతో ఆ చీటి పేరు, క్రింద మిగిలిన మూడు పేర్లు చిన్నగా వ్రాయవలెను. చదువు రాని పెద్దలకొరకు మూలన ఒక గుర్తు వేయుడి. నక్షత్రమో, తొట్టియో, కిరీటమో, ఏదైనను సరే, కుటుంబమంతటికి ఒకే గుర్తు.

కుటుంబములు ఎనిమిది, కుటుంబమునకు నాలుగేసి చీట్లు. దేవదూతను చూచినవారు: జెకర్యా, మరియ, యోసేపు, గొర్రెల కాపరులు. పాటలు: మరియ పాట, జెకర్యా పాట, దూతల పాట, సుమెయోను పాట. ఊళ్లును దేశములును: నజరేతు, బేత్లెహేము, యెరూషలేము, ఐగుప్తు. మత్తయి ఉదాహరించిన ప్రవక్తలు: యెషయా, మీకా, హోషేయ, యిర్మీయా. ఏలినవారు: ఔగుస్తు, కురేనియు, హేరోదు, అర్కెలాయు. యోసేపు కలలు: మరియను చేర్చుకొనుట, ఐగుప్తునకు పారిపోవుట, ఇశ్రాయేలు దేశమునకు తిరిగి వచ్చుట, గలిలయకు వెళ్లుట.

ఏడవది తూర్పు జ్ఞానుల కుటుంబము: నక్షత్రము, బంగారము, సాంబ్రాణి, బోళము. ముగ్గురు జ్ఞానులు అని ఎందుకు వ్రాయలేదని పిల్లలు అడుగుదురు. ఎందరు వచ్చిరో మత్తయి చెప్పలేదు. కానుకలు మూడని మాత్రమే చెప్పెను. వారు శిశువును చూచినది ఇంటిలో, పశువుల తొట్టియొద్ద కాదు. దీనినిబట్టి మన క్రిస్మసు నాటికలో ముగ్గురు పిల్లలకు కిరీటములు పెట్టుట మానవలెనని మేము చెప్పుటలేదు. బంగారు కాగితము ఇదివరకే కొనియున్నాము. అయితే ఏది వాక్యమో, ఏది మన అలవాటో పిల్లవానికి తెలిసియుండుట మేలు.

ఎనిమిదవది వంశావళిలోని స్త్రీలు: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. ఈ కుటుంబమును తీసివేయుమని కొందరు తల్లులు మాతో చెప్పిరి. మేము తీయలేదు. మత్తయి పరిశుద్ధాత్మవలన వ్రాసిన పేర్లను మనము దాచనేల? నాలుగవ ఆమె పేరు మత్తయి వ్రాయక, ఊరియా భార్యగానే చెప్పెను గనుక మేమును అట్లే వ్రాసితిమి. ఈమె యెవరని పిల్ల అడిగినప్పుడు ఆ పిల్ల వయస్సునుబట్టి చెప్పవచ్చును.

ఆడువారు ముగ్గురు మొదలు ఆరుగురు. నలుగురైనయెడల తలకొక ఎనిమిది చీట్లు వచ్చును. ఇతర సంఖ్యలలో ఒకరికి ఒకటి ఎక్కువైనను నష్టము లేదు. చీట్లన్నియు పంచివేయవలెను. పంచినవాని కుడిప్రక్కవాడు మొదలుపెట్టి, తనకు కావలసిన చీటిని ఒకరిని పేరుపెట్టి అడుగును: “అత్తయ్యా, నీ దగ్గర మీకా ఉన్నాడా?” తనచేతిలో ఆ కుటుంబపు చీటి కనీసము ఒకటి లేనిదే అడుగరాదు. ఆమెయొద్ద నున్నయెడల ఇచ్చి తీరవలెను, అడిగినవాడు మరల అడుగును. లేనియెడల అడుగు వంతు ఆమెకు వచ్చును. ఉండియు లేదని చెప్పి తరువాత పట్టుబడినవారు, తాము కూర్చిన కుటుంబము ఒకటి వదలుకొనవలెను. ఈ నియమమును కఠినముగానే పాటించుడి. మా యింట ఎక్కువసారులు పట్టుబడినది మేమే, కన్ను సరిగా ఆనకపోవుటవలన.

నాలుగు చీట్లు కూడినప్పుడు వెంటనే క్రింద పెట్టి, ఆ నాలుగింటిలో ఎదురుగా కూర్చున్నవారు కోరిన చీటి సంగతిని సొంతమాటలలో చెప్పవలెను. పుస్తకము చూడరాదు. చెప్పలేకపోయినయెడల, చెప్పగలిగినవారు ఎవరైనను, చూచుచున్నవారైనను సరే, ఆ కుటుంబమును తీసికొని ఆటలో కూర్చుండవలెను. ఆటకు ప్రాణము ఈ నియమమే. చీట్లు కూడుట కొంత అదృష్టము, కొంత జ్ఞాపకము. చెప్పుట మాత్రము విన్నవారికే సాధ్యము. అక్షరము రాని మామ్మలు కాలేజీ పిల్లలమీద గెలుచుట మేము చూచితిమి. చదువు రానివారి ప్రక్కన ఒక చిన్న పిల్లను కూర్చుండబెట్టుడి, చెవిలో చదివిపెట్టును. ఎక్కువ కుటుంబములు కూర్చినవారు గెలిచినట్లు. పందెము చింతపిక్కయైనను అక్కరలేదు. గెలిచినవారు ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో పాట ఏర్పరచుదురు.

మేము మొదట చెప్పిన సహోదరుని యింటికి మరుసటి క్రిస్మసుకు ఈ చీట్లు తీసికొని వెళ్లితిమి. అతని భార్య సెలవుమీద వచ్చియుండెను. అతడు మాకు వందనము చెప్పి, అరుగుమీదనే కూర్చుండెను. లోపల పెద్దపిల్ల యోసేపు కలలు కూర్చి, నాలుగవ కల చెప్పలేక నిలిచిపోయెను. తల్లికిని తెలియలేదు. మేము పెదవి కదపలేదు. కొంతసేపటికి అరుగుమీదనుండి, “అర్కెలాయు ఏలుతున్నాడని విని యోసేపు అక్కడికి వెళ్లడానికి భయపడ్డాడు. కలలో దేవుడు చెబితే గలిలయకు పోయాడు” అని వినబడెను. పిల్ల ఆ నాలుగు చీట్లును పట్టుకొని గుమ్మముయొద్దకు వచ్చి, “నియమం ప్రకారం నువ్వు లోపలికి రావాలి నాన్నా” అనెను. అతడు భార్యవైపు చూచెను. ఆమె ఏమియు అనలేదు గాని చాపమీద కొంచెము జరిగెను.

ఆ యింటి అప్పు ఇంకను తీరలేదు. ఆమె మరల కువైటు వెళ్లెను. అతడు సంక్రాంతి మూడు దినములు మా యింటికి వచ్చుచున్నాడు. మా యింటివారు అతనికి చీట్లు కోయు పని అప్పగించిరి.

ఈ సంవత్సరము ప్రతి ప్రార్థన గుంపునకును ఒక కట్ట చేయవలెనని తలంచుచున్నాము. ఒకే పెండ్లివి పదునారు శుభలేఖలు మిగిలియున్నవారు డిసెంబరు రెండవ ఆదివారము ఆరాధనకు తీసికొనిరండి. కత్తెరయున్నవారు దానినికూడ తెండి, మాయొద్ద రెండే యున్నవి.