సమీక్షకుల వ్యాఖ్యలతో కూడిన పత్రాలను పీడీఎఫ్‌గా మార్చడంలో మెళకువలు

పరిశోధనా వ్యాసమైనా, రైతులకు అందించే సాంకేతిక కరపత్రమైనా అచ్చుకు వెళ్లే ముందు సమీక్షకుల పరిశీలనకు వెళుతుంది. చిత్తుప్రతిలో "ఎరువు మోతాదు 120 కిలోలు" అని ఉన్నచోట సమీక్షకుడు "నత్రజనియా, యూరియానా? హెక్టారుకా, ఎకరాకా?" అని వ్యాఖ్య పెట్టాడనుకుందాం. యూరియాలో నత్రజని 46 శాతం. కనుక హెక్టారుకు 120 కిలోల నత్రజని అంటే సుమారు 261 కిలోల యూరియా. ఎకరాకు లెక్కిస్తే దాదాపు 106 కిలోలు. పత్రం చేతులు మారేటప్పుడు ఆ వ్యాఖ్య జారిపోతే సందిగ్ధమైన మోతాదే అచ్చులో మిగులుతుంది, రైతు పొలానికి చేరుతుంది.

వ్యాఖ్యలను పీడీఎఫ్‌లోకి చేర్చడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, వ్యాఖ్యలను పుట అంచున అచ్చు వేసినట్లు చూపడం. వర్డ్‌లో పీడీఎఫ్‌గా భద్రపరచేటప్పుడు ఆప్షన్లలో 'డాక్యుమెంట్ షోయింగ్ మార్కప్' ఎంచుకుంటే ఈ విధంగా వస్తుంది. ఇక్కడ వ్యాఖ్య పుటలో భాగమైపోతుంది. దానికి జవాబు రాయడం గాని, దానిని తొలగించడం గాని సులభం కాదు. రెండవది, వ్యాఖ్యను పుట పాఠంతో కలపకుండా అనోటేషన్‌గా నిలపడం. ఐఎస్ఓ 2008లో ప్రమాణంగా ఆమోదించిన పీడీఎఫ్ నిర్దేశంలో అనోటేషన్ పుట పాఠం నుండి వేరుగా ఉండే అంశం. రాసినవారి పేరు, తేదీ, వ్యాఖ్య పాఠం అందులో విడివిడిగా నిక్షిప్తమవుతాయి. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో 'ఫైల్' మెనూలోని 'ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్' తెరిచి, 'జనరల్' విభాగంలో 'కామెంట్స్ యాజ్ పీడీఎఫ్ అనోటేషన్స్' వద్ద గుర్తు పెట్టాలి. అంచున చూపించే 'కామెంట్స్ ఇన్ మార్జిన్' కూడా అక్కడే ఉంటుంది. ట్రాక్ ఛేంజెస్ ద్వారా చేసిన దిద్దుబాట్లు మాత్రం అనోటేషన్లుగా మారవు. తెరపై కనిపించిన రూపంలోనే పుటలోకి వస్తాయి.

తెలుగు పత్రాల విషయంలో అసలు చిక్కు లిపి దగ్గర వస్తుంది. వ్యాస పాఠంలోని ఖతి పీడీఎఫ్‌లో పొదిగి ఉంటుంది కనుక ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు సరిగా కనిపిస్తాయి. అనోటేషన్ తెరుచుకున్నప్పుడు కనిపించే పాఠానికి ఆ సౌకర్యం ఉండదు. చదివే సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న ఖతితోనే దానిని చూపుతుంది. యూనికోడ్‌లో రాసిన వ్యాఖ్యకు దీనివల్ల ఇబ్బంది లేదు. అను వంటి యూనికోడేతర ఖతులతో టైపు చేసిన వ్యాఖ్య మాత్రం అర్థం లేని ఆంగ్లాక్షరాలుగా మారిపోతుంది. డీటీపీ కేంద్రాలలో నేటికీ ఈ ఖతులు వాడుకలో ఉన్నందున, వ్యాస పాఠం నుండి ఒక వాక్యాన్ని నకలు చేసి వ్యాఖ్యలో అతికించినా ఇదే జరుగుతుంది. అటువంటి పత్రాలకు అంచున చూపే పద్ధతే మేలు. వ్యాఖ్యలను మొదటినుండీ యూనికోడ్‌లో రాయించడం అంతకంటె మేలు.

సమీక్షకుల గోప్యత మరొక అంశం. రచయితకు సమీక్షకుడెవరో తెలియరాదన్న నియమమున్న పత్రికలో, అనోటేషన్‌లోని పేరు ఆ నియమాన్ని నిశ్శబ్దంగా ఉల్లంఘిస్తుంది. లిబ్రే ఆఫీస్ ఈ పేరును 'ఆప్షన్స్'లోని 'యూజర్ డేటా' నుండి తీసుకుంటుంది. వ్యాఖ్యలు రాయడానికి ముందే అక్కడ 'సమీక్షకుడు 1' వంటి పేరు ఉంచాలి. రాసిన తరువాత మార్చితే పాత వ్యాఖ్యల మీది పేరు మారదు. వర్డ్‌లో ఈ పనికి 'డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్' ఉంది. అయితే అందులో వ్యాఖ్యలనే తొలగించే ఎంపిక కూడా ఉన్నందున, నకలు ప్రతి మీదనే దానిని వాడాలి.

ముద్రణలో అనోటేషన్లు చాలావరకు చిన్న గుర్తులుగానే పడతాయి, లోపలి పాఠం రాదు. అక్రోబాట్ రీడర్ ముద్రణ పెట్టెలోని 'సమ్మరైజ్ కామెంట్స్' ద్వారా వ్యాఖ్యలన్నిటినీ విడిగా ముద్రించుకోవచ్చు. కొన్ని మొబైల్ యాప్‌లలో అనోటేషన్లు అసలు కనిపించకపోవచ్చు. అందువల్ల పంపే ముందు మూల పత్రంలోని వ్యాఖ్యల సంఖ్యను, పీడీఎఫ్ వ్యాఖ్యల పట్టికలోని సంఖ్యను సరిపోల్చాలి. పత్రంతోపాటు పంపే లేఖలో ఆ సంఖ్యను పేర్కొంటే అందుకున్నవారు కూడా సరిచూసుకోగలుగుతారు.