కణవిభజన – గర్భిణికి ఫోలిక్ ఆమ్లము

పంచాయతీ తీర్మానమునకు నకలు తీయుట మనమందరము ఎరిగినదే. శరీరములోని కణము కూడ రెండుగా విడిపోవుటకు ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు తీసికొనును. డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెన వంటిది. అది నడుమ చీలి రెండు పోగులగును. ఒక్కొక్క పోగునకు తగిన క్రొత్త జత చేరి, ఒక నిచ్చెన రెండగును. పిదప 46 క్రోమోసోముల నకళ్లు చెరొక వైపునకు చేరగా, కణము రెండగును.

క్రొత్త డి.ఎన్.ఏ. తయారగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. భీమవరమున 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని శాస్త్రజ్ఞులు దీనిని 1945లో కృత్రిమముగా తయారు చేసిరి.

గర్భము నిలిచిన తొలి నాలుగు వారములలోనే శిశువు మెదడునకు, వెన్నుపామునకు పునాది ఏర్పడును. కణవిభజన వేగముగా సాగు ఆ దినములలో ఫోలిక్ ఆమ్లము కొరవడినచో ఆ నిర్మాణములో లోపము కలుగవచ్చును. అప్పటికి గర్భమైనట్లు తల్లికే తెలియకపోవచ్చును. కావున సంతానము కోరు స్త్రీలు నెల ముందునుండియే, ఆరోగ్య కేంద్రమున సలహా పొంది, దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును తీసికొనవలెను. ఆకుకూరలు, పప్పుదినుసులు భుజింపవలెను. ఈ మాటను క్రొత్తగా పెండ్లియైన ప్రతి యింటికి చేర్చు బాధ్యత మన పంచాయతీలది.