వదిన జాకెట్లకు విడుదలెప్పుడు?

చెల్లీ, రా, ఇలా కూర్చో. నిన్నటి నుంచి ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. విడుదల. మన ఫిల్మ్‌నగర్‌లో ఆ మాటంటే శుక్రవారమే. జైలు తలుపు ఎవరికీ గుర్తురాదు. కానీ ఆగిపోయిన సినిమాను ఏమంటాం? 'ల్యాబులో మగ్గుతోంది' అంటాం. చెరలో మనిషి మగ్గినట్టే!

ఇక్కణ్ణుంచి గోల్కొండ ఎంత దూరం? కంచర్ల గోపన్న 12 ఏళ్లు మగ్గింది ఆ కోటలోనే అని చెప్పుకుంటాం. సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడని తానీషా కోపం. రాముడే వచ్చి 6 లక్షలు చెల్లించి, రసీదు పుచ్చుకున్నాడట. ఆ రసీదు దగ్గరే నా మనసు ఆగిపోతుంది. వచ్చింది దేవుడైనా బాకీ తీరాకే తలుపు తీశారు. ఆ కథనే రాఘవేంద్రరావుగారు నాగార్జునతో 'శ్రీ రామదాసు'గా తీస్తే, 2006లో అదీ విడుదలైంది.

సినిమా చెర కూడా బాకీదే. ఇప్పుడు రీలు డబ్బాలు పోయాయి, హాలుకొచ్చే సినిమాకు తాళం ఉంటుంది. ఫలానా హాల్లో, ఫలానా రోజుల్లోనే పనిచేసే 'కీ' విడిగా పంపిస్తారు. ఫైనాన్షియర్ లెక్క తేలక కీ ఆగిందంటే బొమ్మ పడదు.

ఆయనకు కీ ఉంది. మా వదినకేముంది?

కృష్ణానగర్‌లో మా పక్క వాటాలో ఉంటుంది, కాస్ట్యూమ్స్ కుడుతుంది. ఒక పాటలో గుంపు అమ్మాయిలకు 40 జాకెట్లు కుట్టింది. 'విడుదలయ్యాక ఇస్తాం' అన్నాడు ఆ సినిమా మేనేజరు. మూడేళ్లయింది. లెక్క రాసిన పేజీ మూల మడిచి మడిచి చిరిగితే టేపు అంటించింది. 'విడు' అంటే ముడి వీడటమే కదా, ఆమె కూలీని తెచ్చి ఆ విడుదలకే ముడిపెట్టారు! చివరి హుక్కు కుట్టిన రోజే ఆమె పని అయిపోయింది. లాభంలో వాటా లేని మనిషి సినిమా ఆడేదాకా ఎందుకు ఆగాలి? నాకు ఒళ్లు మండిపోతుంది. నువ్వూ ఈ పనిలోకి వస్తానంటున్నావు, కొలతలు తీసుకునేముందే అడ్వాన్సు అడుగు. మొహమాటపడకు తల్లీ.

నిన్న సాయంత్రం వదిన ఫోన్ మోగింది. ఆ మేనేజరే. కొత్త సినిమాకు 20 లంగావోణీలు కావాలట, అర్జెంటట.

వదిన మిషన్ ఆపి పుస్తకం తెరిచింది. టేపు మీద వేలు పెట్టి, "ముందు ఈ పేజీ సంగతి చెప్పన్నా" అంది.