కేశ్‌కాల్ ఘాట్‌లో న్యూట్రల్: పాత పొదుపు, కొత్త ఇంజిను

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి జగ్దల్‌పూర్, కొండగావ్ దాటాక కేశ్‌కాల్ ఘాట్‌లో బస్తర్ పీఠభూమిని దిగుతుంది. మొత్తం 12 మలుపులు. ఇలాంటి చోట గేరు తీసి న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని చాలామంది డ్రైవర్ల నమ్మకం. ఒకప్పుడు అందులో నిజం ఉండేది.

అంబాసిడర్ కాలంలో పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు అందించేది కార్బ్యురేటర్. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా, గేరులో ఉన్నంతసేపు చక్రాలు ఇంజినును వేగంగా తిప్పుతుంటాయి. ఆ పీల్పుకు పెట్రోలు సన్నగా వస్తూనే ఉంటుంది. న్యూట్రల్‌లో ఇంజిను నెమ్మదించి తక్కువ తాగేది. లీటరుకు పది కిలోమీటర్ల చుట్టుపక్కల ఇచ్చే కారుకు ఆ కాస్తా లెక్కే.

2000 తర్వాత ఉద్గార నిబంధనలు బిగిసి, కార్లలో కార్బ్యురేటర్ స్థానంలోకి కంప్యూటర్ నడిపే ఇంజెక్టర్లు వచ్చాయి. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. బండి బరువే ఇంజినును తిప్పుతుంది కాబట్టి ఇంధనం ఖర్చు సున్నా. ఇంజిను వేగం బాగా పడిపోయాకే సరఫరా మళ్లీ మొదలవుతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిను ఆగిపోకుండా పెట్రోలు కాలుతూనే ఉండాలి. వాలు తక్కువై, బ్రేకు అవసరం లేని దారిలో న్యూట్రల్ బండిని కాస్త దూరం దొర్లించవచ్చు. ఘాట్‌లో ఆ మాట చెల్లదు.

అసలు ప్రమాదం బ్రేకులతో. టన్ను బరువున్న కారు 100 మీటర్లు దిగితే దాదాపు 10 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అంతే ఎత్తు ఎక్కడానికి సుమారు 120 మిల్లీలీటర్ల పెట్రోలు పడుతుంది. గేరులో దిగితే ఆ భారంలో కొంత ఇంజిను మోస్తుంది. న్యూట్రల్‌లో దాదాపు అంతా బ్రేకుల మీదే పడి వేడవుతుంది. మితిమీరి వేడెక్కిన బ్రేకులు పట్టు సడలిస్తాయి. ఇంజిను కట్టేసి దిగడం ఇంకా ఘోరం. బ్రేకు తొక్కడానికి సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

కార్లు మాత్రం మొత్తంమీద పొదుపరులయ్యాయి. కేంద్రం 2015లో నోటిఫై చేసిన ప్రమాణాల ప్రకారం సగటు ఇంధన వినియోగం 2017-18 నుంచి 100 కిలోమీటర్లకు 5.49 లీటర్లు, 2022-23 నుంచి 4.77 లీటర్లు. మొదటి లెక్కకు సగటు బరువు 1037 కిలోలు, రెండోదానికి 1145. బండి బరువెక్కుతుందని ముందే ఊహించి గీసిన గీత ఇది. పైగా ఈ కొలత ప్రయోగశాలలో రోలర్ల మీద తీస్తారు. అక్కడ కేశ్‌కాల్ ఉండదు.

హైబ్రిడ్, విద్యుత్ కార్లలో దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, బ్రేకుల్లో వేడిగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి చేరుస్తుంది. అయితే ఘాట్ పైనే చార్జింగ్ నిండుగా పెట్టి బయల్దేరితే ఆ కరెంటు దాచుకునే చోటుండదు. అప్పుడు మామూలు బ్రేకులే ఎక్కువ పని చేయాలి.