అంతర్జాలము – విద్యార్థి – గృహము

మన దేశమున సామాన్య ప్రజలకు అంతర్జాల సౌకర్యము 1995వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన లభించినది. నాడు దానికి టెలిఫోను తీగయు, కంప్యూటరును కావలసియుండెను. నేడది కళాశాల విద్యార్థి చొక్కాజేబులో ఇముడుచున్నది. పాఠ్యగ్రంథములు, పరీక్షా ఫలితములు, ఉద్యోగ ప్రకటనలు అన్నియు దానియందే లభించుచున్నవి. కావున దానిని నిషేధింపుడని చెప్పుట ఈ వ్యాసమున కుద్దేశము కాదు. వాడుక ఎచ్చట వ్యసనమగునో తల్లిదండ్రులు గుర్తింపవలెను.

ఎన్ని గంటలు చూచెనను లెక్క యొక్కటియే దీనికి కొలబద్ద కాజాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణపు 11వ కూర్పులో వీడియో ఆటల వ్యసనమును ఒక రుగ్మతగా చేర్చినది. ఆ కూర్పు 2019లో ఆమోదింపబడి, 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. అందు చెప్పబడిన లక్షణములు మూడు. మొదటిది, ఆటపై అదుపు తప్పుట. రెండవది, నిత్యకృత్యములకంటె దానికే ప్రాధాన్యమొసగుట. మూడవది, కీడు కనబడుచున్నను మానలేకపోవుట. సాధారణముగా ఇవి 12 నెలలు కొనసాగినచో రుగ్మతగా నిర్ణయింతురు. ఇది ఆటలకు సంబంధించినదే యైనను, తక్కిన అంతర్జాల వినియోగమును పరిశీలించుటకును ఈ మూడు గురుతులు ఉపకరించును.

మానలేకపోవుటకు విద్యార్థి మనోదౌర్బల్యమొక్కటే కారణమనరాదు. అమెరికా మనశ్శాస్త్రవేత్త స్కిన్నరు పావురములపై ప్రయోగములు చేసి, ప్రతిఫలము ఎప్పుడు లభించునో తెలియనప్పుడు ప్రాణి ఆ పనిని విడువక చేయునని చూపెను. తెరపై వ్రేలు జరిపిన కొలదియు క్రొత్తది రావచ్చును, రాకపోవచ్చును. పుస్తకమునకు చివరి పుట కలదు. ఈ తెరకు అంతము లేదు.

దీని ఫలితము ఇంటిల్లపాదికిని సోకును. రాత్రి జాగరణము, ఉదయము తరగతికి ఆలస్యము, అడిగిన చిరాకు, దాచుటకు అబద్ధము, అబద్ధము బయటపడగా కలహము ఒకదాని వెంట నొకటి వచ్చును. మనవంటి భాషాల్పసంఖ్యాక కుటుంబములకు మరియొక నష్టము కలదు. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో వినబడును; కళాశాలలో ఆంగ్లము. తెలుగు మాటాడు తావు భోజనపు పీట యొక్కటే. అచ్చటను కుమారుడు తెర చూచుచు కూర్చున్నచో, నాయనమ్మ చెప్పు మాట వినువారెవరు? బడి అక్షరము నేర్పగలదు. పలుకును నిలుపవలసినది ఇల్లు.

ఫోను లాగికొనుటవలన మరింత దాపరికమే పెరుగును. నియమములు ఇంటనందరికిని ఒక్కటిగా నుండవలెను. భోజనవేళ ఎవ్వరి చేతను ఫోను ఉండరాదు. తండ్రిగారికిని ఇది వర్తించును. రాత్రి ఫోనులన్నియు పడకగది వెలుపల ఉంచవలెను. పిదప పిల్లవానిని నెమ్మదిగా అడుగవలెను: పరీక్షాభయమా, ఒంటరితనమా, స్నేహితులతో తగవా? దేనినుండి తప్పించుకొనుటకు ఆ తెరను ఆశ్రయించుచున్నాడో తెలిసినగాని మార్గము దొరకదు.

ఇంటి ప్రయత్నము చాలనిచో వైద్యసలహా పొందుటకు సిగ్గుపడ నక్కరలేదు. బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థ 2014లోనే ఇందుకై ప్రత్యేక చికిత్సాకేంద్రమును నెలకొల్పినది. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యతో ఫోను చేసి, ఉచితముగా, తెలుగులోను సలహా పొందవచ్చును. కలహము ముదురకముందే ఆ పిలుపు చేయుట మేలు.